మూడు సెన్‌ల నీళ్ళు, ఒకటిన్నర మిల్లీగ్రాముల అమ్మోనియా: జొహోర్ నది మీద రెండు దేశాలు

సింగపూర్, మలేషియాల మధ్య నీళ్ళ పేచీ అనగానే ఎవరైనా ముందు ఎత్తేది ధరే. జొహోర్ నది నుంచి సింగపూర్ తోడుకునే వెయ్యి గ్యాలన్ల నీటికి మూడు సెన్‌లు. మలేషియా రింగిట్‌కి నూరు సెన్‌లు కాబట్టి, ఈ రోజుల్లో అది లెక్కలోకే రాని డబ్బు. పార్లమెంటు ప్రసంగాలైనా, టీవీ చర్చలైనా దాని చుట్టూనే తిరుగుతాయి. అదే నది ఒడ్డున ఉన్న ప్లాంట్లలో షిఫ్టు డ్యూటీ చేసేవాళ్ళని అడిగితే మూడు సెన్‌ల ఊసే రాదు. వాళ్ళ కళ్ళెప్పుడూ రెండు మీటర్ల మీదే: ఒకటి ఉప్పుని పట్టిచ్చే క్లోరైడ్, రెండోది అమ్మోనియా. క్లోరైడ్ కింద సముద్రం నుంచి ఎగదన్నుకొస్తుంది. అమ్మోనియా పైన ఎవరో వదిలిన మురుగులోంచి దిగొస్తుంది.

నేను ప్రాసెస్ ఇంజనీరుని. సింగపూర్‌నీ మలేషియాలోని జొహోర్ రాష్ట్రాన్నీ కలిపే కాజ్‌వేకి (సముద్రం మీద వేసిన రోడ్డు గట్టుకి) రెండు పక్కలా తాగునీటి ప్లాంట్లలోనూ, మురుగు శుద్ధి ప్లాంట్లలోనూ పనిచేశాను. ఈ కేసుని ధర వైపు నుంచి కాకుండా ప్లాంటు వైపు నుంచి రాస్తున్నాను. నా ఉద్దేశంలో ఇక్కడి తాగునీటి సరఫరా భవిష్యత్తు ఒప్పందంలోని రేటు మీద కంటే ఎగువ మురుగుని ఎవరు, ఎలా చూసుకుంటారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

ఒప్పందాల సంగతి

మొదటి ఒప్పందం 1927 నాటిది. జొహోర్ సుల్తాన్‌కీ, సింగపూర్ మునిసిపల్ కమిషనర్లకీ మధ్య కుదిరింది. గునుంగ్ పులాయ్ కొండ ప్రాంతంలో భూమి కౌలుకి తీసుకుని, అక్కడి నీటిని పైపుల్లో కాజ్‌వే మీదుగా తెచ్చుకున్నారు. 1942 జనవరి ఆఖర్లో వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ సైన్యం కాజ్‌వేని పేల్చేసినప్పుడు ఈ పైపులు కూడా తెగిపోయాయి. నీటికి పొరుగు గడ్డ మీద ఆధారపడితే ఏమవుతుందో సింగపూర్ అప్పుడే చూసింది.

1961 సెప్టెంబర్‌లో తెబ్రావ్, స్కుడాయ్ నదుల మీద యాభై ఏళ్ళకి ఇంకో ఒప్పందం రాసుకున్నారు. అది 2011 ఆగస్టు 31న ముగిసింది. గునుంగ్ పులాయ్, స్కుడాయ్ వాటర్‌వర్క్స్‌నీ, పంప్‌హౌస్‌లనీ సింగపూర్ పైసా అడక్కుండా, నడుస్తున్న స్థితిలోనే జొహోర్‌కి అప్పగించింది. మా రంగంలో ఇలాంటి అప్పగింతలు అరుదు. లీజు అయిపోవస్తోందంటే చివరి ఐదారేళ్ళు మెయింటెనెన్స్ మీద ఎవరూ పెద్దగా ఖర్చు పెట్టరు. తుప్పు పట్టిన పంపులు, పనిచేయని వాల్వులు పక్కవాడి నెత్తిన పెట్టి పోవడమే మామూలుగా చూసేది.

ఇప్పుడు అమల్లో ఉన్నది 1962 సెప్టెంబర్ ఒప్పందం. జొహోర్ నది నుంచి రోజుకు 250 మిలియన్ గ్యాలన్లు తోడుకునే హక్కు 2061 దాకా సింగపూర్‌ది. ఇవి ఇంపీరియల్ గ్యాలన్లు, అంటే రోజుకు దాదాపు 11.36 లక్షల ఘనపు మీటర్లు. మూడు సెన్‌లని ఘనపు మీటరుకి మారిస్తే ఒక సెన్ కూడా కాదు, 0.66 సెన్. దీనికి తిరుగు పద్దు ఒకటుంది. సింగపూర్ ఇచ్చే శుద్ధి చేసిన నీటిని జొహోర్ వెయ్యి గ్యాలన్లకు 50 సెన్‌ల చొప్పున కొనుక్కోవచ్చు. ఒప్పందం ప్రకారం ఇది తోడిన నీటిలో 2 శాతం దాకానే, అంటే రోజుకు 5 మిలియన్ గ్యాలన్లు. వాస్తవంగా వెళ్తున్నది 16 మిలియన్లు. శుద్ధి చేయడానికే వెయ్యి గ్యాలన్లకు 2.40 రింగిట్లు అవుతోందని సింగపూర్ వాదన. పాతికేళ్ళ తర్వాత ధర సమీక్షించుకునే అవకాశాన్ని మలేషియా అప్పట్లో వాడుకోలేదు. ఇప్పటికీ ఆ హక్కు ఉందని మలేషియా, పోయిందని సింగపూర్. 1965 ఆగస్టులో సింగపూర్ విడిపోయినప్పుడు విడిపోయే ఒప్పందంలోనే ఈ నీటి ఒప్పందాలకు రెండు ప్రభుత్వాలూ పూచీ పడ్డాయి, దాన్ని ఐక్యరాజ్యసమితిలో రిజిస్టర్ కూడా చేశారు.

ధర సంగతి ఇంతటితో వదిలేస్తాను. దాని గురించి మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఉప్పు

జొహోర్ నది సముద్రంలో కలిసే చోట ఆటుపోట్ల ప్రభావం చాలా పైకి వస్తుంది. వానలు పడి నదిలో ప్రవాహం ఉన్నంతకాలం ఉప్పునీరు కిందే ఆగుతుంది. ప్రవాహం తగ్గితే పోటు సమయంలో ఉప్పునీరు నది అడుగున ఒక పొరలా పైకి పాకుతుంది. మంచినీటి కంటే బరువు కాబట్టి పైపైన చూస్తే తెలీదు. నీళ్ళు తోడే ఇన్‌టేక్ పైపు అడుగుకి దగ్గరగా ఉంటే ముందు దెబ్బతినేది అదే. తాగునీటిలో క్లోరైడ్ లీటరుకి 250 మిల్లీగ్రాములు దాటితే నోటికి ఉప్పు తెలిసిపోతుంది. మామూలు శుద్ధి ప్లాంటు ఉప్పుని ఒక్క చుక్క కూడా తీయలేదు. పంపులు ఆపేసి పోటు తగ్గేదాకా కూర్చోవడం తప్ప గత్యంతరం లేదు.

దీనికి వేసిన మందు లింగియు డ్యామ్. 1990 నవంబర్ ఒప్పందం ప్రకారం ఎగువన లింగియు నది మీద పీయూబీ తన ఖర్చుతో దాన్ని కట్టింది. పీయూబీ అంటే సింగపూర్ జాతీయ నీటి సంస్థ. భూమి వాడుకున్నందుకు జొహోర్‌కి 32 కోట్ల రింగిట్ల పరిహారం, దాని మీద ప్రీమియం, ఏటా అద్దె అదనం. ఈ జలాశయం నుంచి నేరుగా సింగపూర్‌కి పైపేమీ వెళ్ళదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఎండాకాలంలో గేట్లు ఎత్తి నదిలోకి నీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళు ఉప్పుని కిందికి నెట్టి, ఇన్‌టేక్ దగ్గర మంచినీరు నిలిచేలా చేస్తాయి. అంటే నిల్వ చేసిన నీటిలో కొంత తాగడానికి, కొంత ఉప్పుకి అడ్డంగా నిలబడడానికి.

2016 అక్టోబర్‌లో లింగియు మట్టం 20 శాతానికి పడిపోయింది. అంతకుముందు ఎప్పుడూ అంత తక్కువకి రాలేదు. ఒప్పందంలో 250 మిలియన్ గ్యాలన్లని రాసి ఉన్నా, నదిలో నీళ్ళు లేకపోతే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. తర్వాత వానలు పడి మట్టం కోలుకుంది.

ఉప్పు విషయంలో ఒక్కటి నయం. రేపు పోటు ఎన్ని గంటలకి వస్తుందో టైడ్ టేబుల్‌లో ఉంటుంది. ఎన్ని గంటలు పంపులు ఆపాలో ముందే లెక్కేసుకోవచ్చు.

అమ్మోనియా

దీనికి టైమ్ టేబుల్ లేదు.

2017 అక్టోబర్‌లో జొహోర్ నదిలో అమ్మోనియా పెరిగి ప్లాంట్లు ఆగిపోయాయి. 2019 ఏప్రిల్‌లో మళ్ళీ అదే. ఆ రెండోసారి పీయూబీ ప్లాంటుతో పాటు అదే నది మీద జొహోర్ ప్రజలకి నీళ్ళిచ్చే ప్లాంట్లు కూడా మూసేయాల్సి వచ్చింది. సింగపూర్ తన జలాశయాలు, సముద్రపు నీటిని మంచినీరు చేసే డీశాలినేషన్ ప్లాంట్లతో నెట్టుకొచ్చింది. జొహోర్ అదనంగా శుద్ధి చేసిన నీళ్ళు కావాలని సింగపూర్‌ని అడిగింది, సింగపూర్ పంపింది. పై నుంచి వచ్చిన మురుగు ముందు ముంచింది జొహోర్ ఇళ్ళనే. ఈ విషయం ధర గొడవలో ఎప్పుడూ వెనక్కి పోతుంది.

ప్లాంటులో ఇది ఎలా కనబడుతుందో చెప్తాను. ఈ నది కాదు, జొహోర్‌లోనే ఇంకో చిన్న నది మీద ఉన్న ప్లాంటు. రాత్రి షిఫ్టు. ఇన్‌టేక్ దగ్గర ఆన్‌లైన్ అమ్మోనియా మీటరు మామూలుగా లీటరుకి 0.2, 0.3 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అది 0.6కి వచ్చింది. ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు వచ్చే అనుమానం మీటరు మీదే, ఎందుకంటే ఆ ఎలక్ట్రోడ్‌లు మొండికేయడం రోజూ ఉండేదే. కుర్రాడొకడు బకెట్టు దించి శాంపిల్ తెచ్చాడు. గాజు గొట్టంలో అమ్మోనియాని రంగుతో చూపించే నెస్లర్ రీఏజెంట్ వేస్తే లేత పసుపు రావాలి. ముదురు పసుపొచ్చింది, కాసేపటికి గోధుమ రంగులోకి తిరిగింది. ఈలోగా శుద్ధి అయి బయటికి వెళ్ళే నీటిలో ఫ్రీ క్లోరిన్, అంటే దేనితోనూ కలవకుండా క్రిముల్ని చంపడానికి మిగిలే క్లోరిన్, పడిపోతోంది. ఆపరేటర్ డోసు పెంచాడు. అయినా ఫ్రీ క్లోరిన్ లేవలేదు. ఇంకా పెంచాడు. టోటల్ క్లోరిన్ చూస్తే బ్రహ్మాండంగా ఉంది, ఫ్రీ క్లోరిన్ సున్నాకి దగ్గర్లో ఉంది. "బాస్, ఎంత పోసినా తాగేస్తోంది" అన్నాడు. కాసేపటికి మీటరు ఒకటి దాటింది. ఇంక పంపులు ఆపమని చెప్పడం తప్ప మిగిలిన పనేమీ లేదు.

దీని వెనకున్న కెమిస్ట్రీ కష్టమైనదేం కాదు. నీటిలో అమ్మోనియా ఉంటే క్లోరిన్ ముందు దానితోనే కలిసి క్లోరమిన్లుగా మారుతుంది. క్రిముల్ని చంపడంలో క్లోరమిన్ ఫ్రీ క్లోరిన్ కంటే చాలా బలహీనం. ఇంకా ఇంకా పోసుకుంటూ పోతే ఒక దశ తర్వాత అమ్మోనియా అంతా విరిగి నత్రజని వాయువుగా పోతుంది, ఆ తర్వాతే ఫ్రీ క్లోరిన్ నిలుస్తుంది. దీన్నే బ్రేక్‌పాయింట్ అంటారు. లెక్క ప్రకారం ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి (అమ్మోనియాని అందులోని నత్రజని బరువుతో కొలిచే లెక్క) 7.6 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. నిజంగా చేసేటప్పుడు ఎనిమిది నుంచి పది దాకా పడుతుంది.

రోజుకు 11.36 లక్షల ఘనపు మీటర్లు తోడే ప్లాంటుకి దీన్ని వర్తింపజేయండి. అమ్మోనియా లీటరుకి ఒక్క మిల్లీగ్రాము పెరిగితే నీటిలోకి 1,136 కిలోల నత్రజని అదనంగా చేరినట్టు. దాన్ని విరగ్గొట్టడానికి తొమ్మిది టన్నుల పైచిలుకు క్లోరిన్ కావాలి, అదీ ఒక్క రోజుకి. మన దగ్గర వాడే టన్నర్లు, అంటే పెద్ద క్లోరిన్ సిలిండర్లు, ఒక్కోటి దాదాపు టన్ను ఉంటుంది. రోజూ వాడేదాని మీద ఇంకో తొమ్మిది, పది టన్నర్లు ఎక్కించి దించాలన్నమాట. క్లోరినేటర్లకి అంత డోసు ఇచ్చే శక్తే ఉండదు. ఉన్నా, నదిలోని ఆకుల, చెత్త తాలూకు సేంద్రియ పదార్థాలతో అంత క్లోరిన్ కలిస్తే ట్రైహాలోమీథేన్‌లనే హానికరమైన పదార్థాలు పెరుగుతాయి. వాటికి వేరే పరిమితులున్నాయి. పటిక వేసి మడ్డి దించే క్లారిఫయర్, ఇసుక ఫిల్టర్లు అమ్మోనియాని పట్టవు, అది నీటిలో కరిగిపోయి ఉంటుంది. బయోఫిల్టర్లు పట్టగలవు. అయితే వాటిలోని బ్యాక్టీరియా అలవాటు పడడానికి వారాలు కావాలి. ఎప్పుడో ఒకసారి గంటల్లో ముంచుకొచ్చే దానికి అవి ఆదుకోవు.

అందుకే మలేషియా ఆరోగ్య శాఖ నది నీటికి అమ్మోనియా పరిమితి లీటరుకి 1.5 మిల్లీగ్రాములుగా పెట్టింది. అది దాటితే తోడకూడదు.

ఇంతకీ ఎక్కడి నుంచి వస్తుంది? నదీ పరీవాహకంలో పామాయిల్ తోటలు, మిల్లులు, కోళ్ళ ఫారాలు, ఇళ్ళ మురుగు ప్లాంట్లు అన్నీ ఉన్నాయి. పామాయిల్ మిల్లు సంగతి కాస్త వివరంగా చూడాలి. గెలల్ని ఆవిరిలో ఉడికించి నూనె తీస్తే మిగిలే గోధుమ రంగు మురుగులో బీఓడీ (మురుగు కుళ్ళేటప్పుడు నీటిలోంచి లాక్కునే ఆక్సిజన్ కొలత) లీటరుకి పాతికవేల మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. ఇళ్ళ మురుగులో అది రెండు మూడొందలు. దీన్ని వరుసగా తవ్విన చెరువుల్లో వారాల తరబడి నిలవేసి కుళ్ళబెడతారు. 1977 నాటి పామాయిల్ నిబంధనల ప్రకారం నదిలోకి వదిలేటప్పుడు బీఓడీ 100కి, అమ్మోనియా నత్రజని 150కి మించకూడదు. కొన్నిచోట్ల లైసెన్సులో ఇంతకంటే కఠినమైన షరతులు పెడతారు.

ఇన్‌టేక్ దగ్గర 1.5, ఎగువ మిల్లు గొట్టం దగ్గర 150. చూడగానే ఇదేం న్యాయం అనిపిస్తుంది. నిజానికి ఈ రెంటి మధ్య పలచబడడం అన్నది ఉంది. గంటకి 60 టన్నుల గెలలు ఆడే మిల్లు అనుకుందాం. టన్నుకి 0.65 ఘనపు మీటర్ల మురుగు చొప్పున సెకనుకి పదకొండు లీటర్ల దాకా వస్తుంది. అది లీటరుకి 150 మిల్లీగ్రాములతో, సెకనుకి పది ఘనపు మీటర్లు పారే నదిలో కలిస్తే అమ్మోనియా పెరిగేది 0.16 మిల్లీగ్రాములు. ఒక మిల్లుతో కొంప మునగదు. అలాంటివి అరడజను ఉండి, ఎండకి నది సగానికి తగ్గితే మాత్రం చట్టాన్ని ఎవరూ అతిక్రమించకుండానే ఇన్‌టేక్ మూతపడుతుంది. ఇంక పెద్ద వానకి చెరువు గట్టు తెగినా, నిండిన చెరువుని ఎవరైనా రాత్రిపూట నదిలోకి తోసినా లెక్కలే అక్కర్లేదు.

లైసెన్సులు ఒక్కో గొట్టానికీ విడివిడిగా ఇస్తారు. నది మొత్తంగా ఎంత మోయగలదు, ఎండాకాలంలో ఎంత మోయగలదు అన్నది ఆ లైసెన్సులో ఉండదు. జొహోర్ నది మీద నాకు కనిపించే పెద్ద లోపం ఇదే, మూడు సెన్‌లు కాదు.

మురుగు ఎవరి చేతిలో ఉంది

మలేషియాలో భూమి, నదులు రాష్ట్రాల అధికారంలోవి. తాగునీటి సరఫరా కూడా ఒకప్పుడు పూర్తిగా రాష్ట్రాలదే, 2005లో రాజ్యాంగ సవరణతో అది ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. 2006 చట్టాలతో జాతీయ నియంత్రణ సంస్థ స్పాన్ ఏర్పడింది. పైపులు, ప్లాంట్లు లాంటి ఆస్తుల్ని పాబ్ అనే కేంద్ర సంస్థ తీసుకుని ఆపరేటర్లకి లీజుకిస్తుంది. జొహోర్‌లో ఆపరేటర్ రాన్‌హిల్ ఎస్ఏజే. నీటి వనరు మీద రాష్ట్ర సంస్థ బకాజ్ అజమాయిషీ. పరిశ్రమల మురుగు మీద కేంద్ర పర్యావరణ శాఖ. నది ఒకటే, దాని మీద ఎవరికి కావల్సిన కాగితం వాళ్ళ దగ్గర ఉంటుంది. కాలుష్యం వచ్చిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలన్నది ఆపరేటర్‌కి నిజమైన సమస్య.

ఇళ్ళ మురుగు కథ ఇంకొకటి. అది స్థానిక సంస్థల చేతిలో నానా రకాలుగా ఉండేది. 1993లో కేంద్రం తీసుకుంది, 1994లో ఇండా వాటర్ కన్సార్టియం అనే ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. బిల్లులు చూసి జనం మండిపడ్డారు. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి కాబట్టి నీటి బిల్లు కడతారు, కళ్ళకి కనబడకుండా పోయేదానికి డబ్బెందుకు కడతారు? రేట్లు పదేపదే తగ్గించారు. చివరికి 2000లో ప్రభుత్వమే కంపెనీని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత చాలాకాలం ఇంటికి నెలకి 8 రింగిట్ల దగ్గరే రేటు ఆగిపోయింది. ఆ డబ్బుతో నిర్వహణే సరిగ్గా గడవదు, కొత్త ప్లాంట్ల మాట ఎక్కడిది?

పైగా ప్లాంట్ల సంఖ్య. ఇండా వాటర్ చేతిలో ఏడువేలకు పైగా మురుగు ప్లాంట్లున్నాయి. ఇళ్ళ కాలనీ కట్టే బిల్డరే ఒక చిన్న ప్లాంటు కట్టి అప్పగించి పోయే పద్ధతి వల్ల వచ్చిన లెక్క ఇది. ఒక్కో బిల్డర్‌ది ఒక్కో డిజైను, మురుగులోకి గాలి కొట్టడానికి ఒక్కో కంపెనీ బ్లోయరు. అలాంటి ఒక చిన్న ప్లాంటుకి నేను వెళ్ళినప్పుడు ఏరేషన్ ట్యాంకులో రెండు బ్లోయర్లలో ఒకటే నడుస్తోంది. ఆగిపోయిన దాని బెల్టు మోడల్ మార్కెట్లో దొరకడం మానేసింది. గాలి చాలక నీళ్ళు నల్లగా ఉన్నాయి. అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకి మిగతావాటికంటే ఎక్కువ గాలి కావాలి, గాలి తగ్గితే మొదట పని మానేసేది అవే. బీఓడీ పరీక్షలో పాసయి, అమ్మోనియాలో ఫెయిలయ్యే ప్లాంట్లు కనిపించేది ఇందుకే. 2009 నిబంధనలు ఇన్‌టేక్‌కి ఎగువన నదిలోకి వదిలే కొత్త ప్లాంట్లకి బీఓడీ 20, అమ్మోనియా నత్రజని 10 పరిమితి పెట్టాయి. పాత ప్లాంట్లకి సడలింపులున్నాయి.

కాజ్‌వే దాటితే అంతా తలకిందులు. 2001లో మురుగు, డ్రైనేజీ శాఖల్ని కూడా పీయూబీలో కలిపేశారు. వాన చినుకు నుంచి మురుగు గొట్టం దాకా ఒకే సంస్థ. తర్వాత నేల అడుగున, కొన్నిచోట్ల యాభై మీటర్లకు పైగా లోతున, వాలు మీద తనంతట తానే పారేలా సొరంగం తవ్వారు. మొదటి దశలో 48 కిలోమీటర్లు, 2008లో పూర్తయింది. దాని చివర చాంగిలో రోజుకు 8 లక్షల ఘనపు మీటర్లతో మొదలైన భారీ ప్లాంటు. దీంతో పాత ప్లాంట్లు కొన్ని మూసేసి ఆ భూమి వాడుకున్నారు. రెండో దశ సొరంగం తవ్వకం 2023లో ముగిసింది, అది పడమటి వైపు తువాస్‌లో కడుతున్న ప్లాంటుకి వెళ్తుంది. ఒకపక్క ఏడువేల చిల్లర, ఇంకోపక్క వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని.

సింగపూర్‌ని పొగిడి ఊరుకోవడం తేలికే. అది ఒక ఊరంత దేశం, పామాయిల్ మిల్లులు లేవు, రాష్ట్రాలు లేవు. జొహోర్‌లో కొండల్లో దూరదూరంగా ఉన్న కాలనీలన్నిటికీ ఒకే సొరంగం తవ్వుదామంటే ఏ ఇంజనీరూ ఒప్పుకోడు. ఏడువేలని మూడు చేయడం కుదరని పని. ఇన్‌టేక్‌లకి ఎగువన ఉన్నవాటిని మాత్రం ముందు కలిపి, పెద్ద ప్లాంట్లకి మళ్ళించడం కుదిరే పనే.

సింగపూర్ మురుగులో నీళ్ళు వెతుక్కుంది

మురుగంతా ఒకచోట చేరింది కాబట్టే నీవాటర్, అంటే మురుగుని శుద్ధి చేసి తిరిగి వాడుకునే నీరు, సాధ్యమైంది. 1974లోనే జురాంగ్‌లో ఒక పైలట్ ప్లాంటు పెట్టి చూశారు. నీటిని వడకట్టే మెంబ్రేన్‌లు అప్పట్లో ఖరీదెక్కువ, నమ్మకం తక్కువ. ఆపేశారు. 2000లో బెడోక్‌లో రోజుకు పదివేల ఘనపు మీటర్ల డెమో ప్లాంటుతో మళ్ళీ మొదలుపెట్టారు, 2003లో సరఫరా ప్రారంభమైంది. మైక్రోఫిల్ట్రేషన్, రివర్స్ ఆస్మోసిస్, చివర అతినీలలోహిత కాంతి. చాంగిలో ఒక నీవాటర్ ప్లాంటుని మురుగు ప్లాంటు కప్పు మీదే కట్టారు. భూమి కరువున్న చోట ఇలాంటి ఆలోచనలే వస్తాయి.

ఈ నీటిలో ఎక్కువ భాగం చిప్ ఫ్యాక్టరీలకీ, ఏసీ కూలింగ్ టవర్లకీ వెళ్తుంది. చిప్ కంపెనీలకి కుళాయి నీటికంటే ఇదే నచ్చుతుంది, లవణాలు తక్కువ కాబట్టి వాళ్ళ సొంత ప్లాంటు మీద భారం తగ్గుతుంది. ఎండాకాలంలో కొంత జలాశయాల్లో కలుపుతారు. సముద్రపు నీటిని మంచినీరు చేయడానికి ఘనపు మీటరుకి మూడున్నర యూనిట్ల దాకా కరెంటు కావాలి. మురుగు నుంచి తీయడానికి అందులో మూడోవంతు చాలు. సముద్రపు నీటికి యాభై బార్‌లకు పైగా ఒత్తిడి పెట్టాలి, దీనికి అంత అక్కర్లేదు. మురుగు కంటే ఉప్పే ఖరీదైన శత్రువు.

డీశాలినేషన్‌లో ప్రైవేటు భాగస్వామ్యం దెబ్బతిన్న కథ కూడా చెప్పుకోవాలి. 2013లో హైఫ్లక్స్ కంపెనీ తువాస్‌ప్రింగ్ ప్లాంటు తెరిచింది, రోజుకు 70 మిలియన్ గ్యాలన్లు. పక్కనే 411 మెగావాట్ల విద్యుత్ కేంద్రం. మిగిలిన కరెంటు అమ్ముకుని నీళ్ళు చవగ్గా ఇవ్వొచ్చన్న లెక్క. కరెంటు ధర పడిపోయింది, లెక్క తప్పింది. 2018లో కంపెనీ కోర్టు రక్షణ కోరింది, పొదుపు డబ్బు పెట్టిన వేలమంది చిన్న మదుపరులు చిక్కుకున్నారు. 2019 మేలో ప్లాంటుని పీయూబీ తన చేతిలోకి తీసుకుంది. ప్లాంటు చేతులు మారినా ఊరికి నీళ్ళు ఆగలేదు. కాంట్రాక్టులో ప్లాంటుని వెనక్కి తీసుకునే క్లాజు రాసి పెట్టుకోవడం ఎంత అవసరమో ఇక్కడ కనిపిస్తుంది.

ఇదంతా ఉచితంగా రాలేదు. సింగపూర్ ఇళ్ళలో నీటి ధర పన్ను, మురుగు రుసుము కలిపి 2025 ఏప్రిల్ నుంచి ఘనపు మీటరుకి 3.24 సింగపూర్ డాలర్లు. మలేషియా ద్వీపకల్పంలో 2024 ఫిబ్రవరిలో ఇళ్ళకి సగటున ఘనపు మీటరుకి 22 సెన్‌లు పెంచితేనే పెద్ద చర్చ జరిగింది. ఆ దేశంలో శుద్ధి చేసిన నీటిలో మూడోవంతుకి పైగా లీకులకీ, దొంగ కనెక్షన్లకీ, తప్పుడు మీటర్లకీ పోతోంది. తక్కువ ధర వల్ల పైపులు మార్చడానికి డబ్బుండదు. పైపులు కారుతుంటే ధర పెంచమని అడిగే ముఖముండదు. మూడు సెన్‌లు ముప్పై సెన్‌లయినా ఈ చిక్కు విడిపోదు.

ఇన్‌టేక్ దగ్గర ఏం చేయాలి

ఈ నదిమీదే కాదు, ఎగువన పొరుగువాడి మురుగున్న ఏ ఇన్‌టేక్‌కైనా నేను ముందు అడిగేది ఎగువ మానిటర్ ఎంత దూరంలో ఉందని. నది సెకనుకి అర మీటరు పారితే గంటకి 1.8 కిలోమీటర్లు. ముప్పై కిలోమీటర్ల పైన మీటరు పెడితే పదహారు గంటలకు పైగా ముందే తెలుస్తుంది. ఆ టైములో శుద్ధి చేసిన నీళ్ళు నిలవుంచే సర్వీస్ రిజర్వాయర్లు నింపుకోవచ్చు. ఇన్‌టేక్ గోడకి తగిలించిన మీటరు ఉన్నా లేకున్నా ఒకటే. అది చెప్పేసరికి మురుగు పంపులోకి వచ్చేసి ఉంటుంది. పోటుకి నది వెనక్కి తిరిగే చోట ఈ లెక్క తప్పుతుంది, అక్కడ వెళ్ళిపోయిందనుకున్న మురుగు మళ్ళీ వెనక్కి వస్తుంది. అందుకే ఒక్క మంచి రీడింగ్ చూసి పంపులు ఆన్ చేయకూడదు, కనీసం ఒక పూర్తి ఆటుపోటు గడిచేదాకా ఆగాలి.

రెండోది ఒడ్డున నిల్వ. నదిలో నాలుగైదు గంటలుండే మురుగు కుళాయి దగ్గర రెండు మూడు రోజుల సమస్య అవుతుంది. క్లారిఫయర్లు ఖాళీ చేసి కడగాలి, ఫిల్టర్లు బ్యాక్‌వాష్ చేయాలి, రిజర్వాయర్లు నిండాలి, లైన్లలో గాలి తీయాలి, ఎత్తున ఉన్న కాలనీకి చివర్న నీళ్ళు ఎక్కుతాయి. ఒక రోజుకి సరిపడా నది నీటిని పక్క చెరువులో పెట్టుకుంటే ఇందులో చాలాభాగం అసలు మొదలే కాదు. దానికి భూమి కావాలి. ప్లాంటు బడ్జెట్‌లో మొదట కోత పడేది దానికే.

మూడోది నాకు అన్నిటికంటే కష్టంగా కనిపించేది. ఎండాకాలంలో లింగియు నుంచి వదిలే నీళ్ళు ఉప్పుని నెట్టడంతో పాటు అమ్మోనియాని కూడా పలచబరుస్తాయి. కాబట్టి జలాశయం మట్టం ఒక గీత కిందికి దిగితే ఎగువ మిల్లుల, మురుగు ప్లాంట్ల లైసెన్సు పరిమితులు కూడా ఆ సీజన్‌కి దిగాలి. మట్టం వివరాలు పీయూబీ దగ్గర, లైసెన్సులు మలేషియా పర్యావరణ శాఖ దగ్గర, నది జొహోర్ రాష్ట్రం దగ్గర ఉన్నాయి. ఈ మూడు అంకెల్ని ఒక షీటులోకి తెచ్చి, మట్టం ఎంతకి పడితే ఏ మిల్లు ఎంత నిలవేసుకోవాలో ముందే రాసుకుంటే చాలు, దీనికి కొత్త ఒప్పందం అక్కర్లేదు. మిల్లుల్లో అదనపు చెరువులకి డబ్బు ఎవరు పెడతారన్న ప్రశ్న మిగులుతుంది. లింగియుకి పెట్టిన దానితో పోలిస్తే అది చిన్న మొత్తమే. ఇన్‌టేక్ ఒక్కరోజు ఆగితే సింగపూర్‌కి డీశాలినేషన్ కరెంటు రూపంలో, జొహోర్‌కి నీళ్ళ ట్యాంకర్ల రూపంలో అయ్యే ఖర్చుని లెక్కగట్టి ఆ చర్చ మొదలుపెట్టాలి.